కర్రకు బోర్లించిన సీసా

పరిశోధన విద్యార్థులు పత్తి చేలకు వెళ్లే ముందు వాళ్లకు జాగ్రత్తలు నేర్పడం ల్యాబ్ అసిస్టెంట్ నస్రీన్ పని. చేతులకు తొడుగులు, ముఖానికి మాస్కు, పని మొదలుపెట్టే చోట చెత్త తీసేయడం, అన్నీ తెర మీద చూపించి సంతకాలు తీసుకుంటుంది. మంటలార్పే సిలిండర్ గురించైతే అరగంట చెబుతుంది. పత్తి చేలో మంటలెక్కడివో ఆమెకే తెలియాలి.

ఒక్కటి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ధరూర్ దగ్గర ఆమె పుట్టిన ఊళ్లో, పురుగుమందు కొట్టిన చేను గట్టున కర్ర పాతి, దానికి ఖాళీ మందు సీసా బోర్లిస్తారు. అది కనిపిస్తే రెండు రోజులు ఆ చేలో ఎవరూ అడుగు పెట్టరు. తండ్రి గౌస్ పాషా బోర్లించిన సీసాలు చూస్తూనే ఆమె పెరిగింది. ప్రొఫెసర్ల ముందు ఆ పల్లెటూరి ముచ్చట ఎత్తడానికి నోరు రాలేదు.

ఈసారి హైదరాబాద్ అమ్మాయి సింధూజ ఆకుల నమూనాల కోసం ఆ ఊరి చేలకే వెళ్లి, సాయంత్రానికి గద్వాల దవాఖానలో చేరింది. నస్రీన్ పరుగున వెళ్లేసరికి వాంతులు తగ్గాయి, ప్రాణభయం లేదన్నారు.

"మీరు చెప్పినట్టే చేసిన మేడం," అంది సింధూజ. "తొడుగులు, మాస్కు అన్నీ ఏసుకున్న. ఆకుల తడికి బట్టలే నానినయ్. గట్టు మీద కట్టెకు ఎవరో సీసా తగిలించిన్రు. చెత్త అనుకొని అది గూడ తీసి సంచిల ఏసిన. గా సీసా ఎందుకు పెట్టిన్రో మీకు తెల్సా?"

"తెల్సు," అంది నస్రీన్ తల ఎత్తకుండా. "చిన్నప్పటి సంది తెల్సు బిడ్డా. మీ ముందట చెప్పనీకి నాకు నామోషీ అయింది."