ఇంగ్లీషును తూచిన తక్కెడ మామయ్య

తక్కెడ మామయ్యకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. కొలిచేదాన్ని ముందు తను కొలవందే నమ్మడు.

తూనికలు కొలతల శాఖలో ముప్పై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. దర్జీ టేపును తన స్టీలు స్కేలుతో సరిచూసేదాకా చొక్కాకు కొలతలివ్వడు. డాక్టరు బీపీ చూడబోతే, "ముందు మీది చూసుకోండి, మిషన్ సంగతి తేలుతుంది" అంటాడు. డాక్టరుగారికి బీపీ ఉందని బయటపడింది అలాగే.

"మా నాన్న నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలని చెప్పాడు. పెళ్ళయిన వారానికే టేపు పెట్టారు. అరంగుళం తగ్గింది. ఇప్పటికీ దెప్పుతారు" అంటుంది భార్య.

కోడలు ఒక కంటి ఆసుపత్రిలో రిసెప్షనిస్టు. తొమ్మిదేళ్ళుగా ఆ బల్ల ఆమెదే. కొత్త మేనేజరు వస్తూనే, ఇంటర్నెట్లో దొరికిన ఇంగ్లీషు క్విజ్ ఒకటి అందరిచేతా రాయించాడు. సగం వ్యాకరణం, సగం పదాల అర్థాలు. ఆమెకు 'ప్రాథమిక స్థాయి' అని వచ్చింది. సోమవారం నుంచి కింద రికార్డుల గదిలో కూర్చోమన్నాడు. ఆ పూట ఆమె భోజనం ముట్టలేదు.

మామయ్య ఓదార్చలేదు. "ఆ క్విజ్ నా ఫోనుకి పంపమ్మా" అన్నాడంతే.

మర్నాడు పొద్దున్నే వరండాలోంచి కేక. "అమ్మాయ్, నాకు నిపుణుడని వచ్చింది."

మధ్యాహ్నం మళ్ళీ నిపుణుడే. సాయంత్రానికి ఇంకోసారి. కోడలికి పుండు మీద కారం చల్లినట్టయింది.

"హలో తర్వాత ఇంకో ఇంగ్లీషు ముక్క రాని మనిషి నిపుణుడట. ఆయన్ని ఆపండత్తయ్యా, లేకపోతే నేను పుట్టింటికి పోతాను."

"ఉండు, నేనూ వస్తాను" అందావిడ.

సోమవారం కోడలు తన సామాను సర్దుకుంటుంటే, ఇస్త్రీ చొక్కాతో, చంకలో పొడుగాటి రిజిస్టరుతో మామయ్య ఆసుపత్రిలోకి వచ్చాడు. నేరుగా మేనేజరు గదిలో దూరాడు. ఆమె వెనకే పరుగెత్తింది.

"ఈ క్విజ్ని సరిచూసి ముద్ర వేసిందెవరు బాబూ?"

"ముద్రేమిటండీ? లక్షలమంది రాస్తున్నారు."

"దొంగ తక్కెడ ముందు కూడా జనం నిలబడతారు."

రిజిస్టరు తెరిచాడు. మూడు రోజుల్లో అరవై ఒక్కసార్లు రాశాడు. "ఒక్క ప్రశ్న చదవలేదు. ప్రశ్నలు మారుతున్నా ప్రతిసారీ మూడో జవాబే నొక్కాను. తొమ్మిదిసార్లు నిపుణుణ్ణి, ఇరవైసార్లు ప్రాథమికం, మిగతావి మధ్యలో. అదే మనిషి, అదే వేలు."

"చదివి రాస్తే ఎంతొచ్చింది?" అన్నాడు మేనేజరు వెటకారంగా.

"ప్రాథమికం దాటలేదు. అది ఈ లెక్కలో కలపలేదు, మొదటి పేజీలో విడిగా ఉంది, చూడండి. ఇప్పుడు మీరూ నొక్కండి, మూడోది."

గుమ్మం దగ్గర నర్సులు గుమిగూడారు. మేనేజరు నొక్కాడు. 'ఉన్నత స్థాయి' అని వచ్చింది. అతని ముఖం చూస్తే, నిజంగా రాసినప్పుడు అంత రాలేదని అందరికీ అర్థమైంది.

"మరి ఎలా తేల్చాలంటారు?" అన్నాడు నీరసంగా.

"సరుకున్న చోట తూచాలి. ఓ గంట ఆ బల్ల పక్కన కూర్చోండి."

కూర్చున్నాడు. ఇంగ్లీషు తప్ప మరో భాష రాని ముసలాయన ఒకడు ఆపరేషనంటే వణుకుతూ వచ్చాడు. కోడలు చిన్న చిన్న మాటల్లో అన్నీ చెప్పింది. ఆయన నవ్వుతూ ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టాడు. మేనేజరు లేచి, గోడమీద అంటించిన ఆమె బదిలీ కాగితం చింపేశాడు. బల్ల ఆమెకే మిగిలింది.

బస్సు స్టాపు దాకా సాగనంపడానికి వచ్చిన కోడలు ఉండబట్టలేక అడిగింది. "మరి ఇంట్లో అంత గొప్పగా ఎందుకరిచారు మామయ్యగారూ? నేనెంత ఏడ్చానో తెలుసా?"

"నన్ను నిపుణుడన్న తక్కెడ నిన్ను తక్కువంటే ఎవరైనా నమ్ముతారా? నీకు తెలియాలనే గదమ్మా అరిచాను."

ఆమెకు సిగ్గేసింది. "నాకు ఇంగ్లీషు వచ్చో రాదో మీరు సరిచూడనే లేదే?"

ఆయన తడబడ్డాడు. "నిన్ను సరిచూడాలని నాకు తోచనే లేదమ్మా" అని, గబగబా బస్సెక్కేశాడు. అది ఆయన ఎక్కాల్సిన బస్సు కాదు.