రెండు స్ప్రింగుల సైకిలు

నా పాత నల్ల సైకిలు ఫోర్కు విరిగిన ఏడాదే సోలాపూర్‌లో స్ప్రింగుల సైకిళ్ల పిచ్చి మొదలైంది. తొంభైల చివరి మాట. హోట్గి రోడ్ దాటాక ఉన్న ఒక తువ్వాళ్ల కార్ఖానాలో నేను సాంచాలు నడిపేవాణ్ణి. మరమగ్గాన్ని మా పేటలో సాంచా అనేవాళ్లం. పన్నెండు గంటలు వాటి మధ్య నిలబడ్డ నడుముతో రాళ్లు తేలిన దారిలో ఇంటికి రావాలి. అందుకే దీపావళి బోనసు చేతికి రాగానే సైకిల్ మిస్త్రీ దగ్గరికి పోయాను. ఆయన మా నాన్న ఈడువాడు, మామా అని పిలిచేవాణ్ణి.

నా దగ్గరున్న డబ్బుకు రెండే దారులు. కొత్తది కావాలంటే ముందు చక్రానికి మాత్రమే స్ప్రింగులున్నది వస్తుంది. ముందూ వెనకా ఉన్నది కావాలంటే ఎవరో వాడి అమ్మకానికి పెట్టినది తీసుకోవాలి. దాని సీటు కింద వేలి లావు ఎర్ర స్ప్రింగు. నా కళ్లు దాని మీదే ఉన్నాయి.

"మెత్తగుంటది గానీ, తొక్కిన బలం సగం ఆ స్ప్రింగే తింటది. బుష్షులు అరిగితే సామాన్ దొరకదు. సామాన్ పెట్టెటందుకు ఎనక కారేజీ సుత ఎక్కదు దీనికి," అన్నాడు మామ. "ముందల స్ప్రింగుదే పక్కా సైకిల్. నీ మనసు ఊకుంటలేదు గదా, రెండ్రోజులు దీన్ని తొక్కి చూడు."

మొదటి రోజు పొద్దున రాళ్లున్నట్టు నా నడుముకు తెలియనే లేదు. ఎత్తుగా చడావు వచ్చినప్పుడు మాత్రం మామ మాట నిజమే అనిపించింది. తొక్కిన ప్రతిసారీ సీటు ఊగుతోంది తప్ప బండి ముందుకు సాగడం లేదు.

సాయంత్రం తిరిగొస్తున్నాను. ఇంకా వెలుతురుంది. దారిలో ఒక మూతపడ్డ కార్ఖానా ఉండేది. సాంచాలు తుక్కు కింద అమ్మేశారు, రేకుల గోడలు మిగిలాయి. దాని గేటు ముందుకు రాగానే వెనక స్ప్రింగు ఒక్కసారిగా దిగింది, ఎవరో పరిగెత్తుకొచ్చి ఎగిరి కూర్చున్నట్టు. టైరు పోయిందనుకుని దిగాను. రెండు టైర్లూ గట్టిగానే ఉన్నాయి. మళ్లీ ఎక్కితే బరువు. ఇంకొకణ్ణి ఎక్కించుకుని డబల్ సీట్ తొక్కిన కాళ్లకు ఆ బరువేమిటో తెలుసు. వెనక్కి తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు. మా పేటకు ముందొచ్చే గల్లీ మొగదల దగ్గర స్ప్రింగు మెల్లగా లేచింది. సైకిలు తేలికైంది. ఇంట్లో చెబితే తాగొచ్చావా అంటారని చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒకేసారి ఆగితే చెవులు దిబ్బడేసినట్టుంటుంది. ఆ నిశ్శబ్దంలో బయటి నుంచి కిర్రుమని చప్పుడైంది. నేనూ, కండెలు చుట్టే పెద్దమ్మా తలుపులోంచి చూశాం. పక్క స్టాండు మీద ఒరిగి ఉన్న సైకిలు సీటు నెమ్మదిగా కిందికి దిగింది. దిగి అక్కడే ఉండిపోయింది. బయట గాలి లేదు.

"ఎవరన్న కూసున్నరా దాని మీద?" అంది పెద్దమ్మ గొంతు తగ్గించి.

"ఎవరు లేరు గదా."

"లేరనే అడుగుతున్న."

ఆ సాయంత్రం సైకిలు ఎక్కలేదు. వేరే దారిలో నడిపించుకుంటూ తెచ్చి దుకాణం ముందు నిలబెట్టాను. అక్కడ ముప్పై ఏళ్ల ఆడమనిషి ఒకామె మామతో మాట్లాడుతోంది. బీడీలు చుట్టీ చుట్టీ వేళ్లకు తంబాకు రంగు పట్టింది. సైకిలు అమ్మకానికి పెట్టింది ఆమేనట. జరిగింది చెప్పాను. మామ సీటును అరచేత్తో బలంగా నొక్కాడు. అది దిగలేదు.

"మనిషి బరువు పడకుంట దిగదిది," అన్నాడు.

"యాడ దిగింది తమ్మీ?" అందామె.

మూతపడ్డ కార్ఖానా గేటు దగ్గరని చెప్పాను. ఎక్కడ లేచిందో కూడా చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా ఇల్లు ఆ గల్లీలనే. మా ఆయన గా కార్ఖానాలనే చేసెటోడు. మొన్న వానల్ల జొరమొచ్చి పోయిండు. పోయినంక వాకిట్ల ఈ సైకిల్ దిగుడు లేసుడు నేను జూసిన. నాకే పిచ్చి పట్టిందనుకుని అమ్మకానికి వెట్టిన. నువ్వు ఖరంచ్ జూసినవా? నిజంగనే?"

"నేనొక్కణ్ణే గాదు అక్కా. మా కార్ఖానల పెద్దమ్మ సుత జూసింది."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చాలా రోజుల తర్వాత నిద్రపోయి లేచినట్టు తేటపడింది ఆమె ముఖం.

"ఇగ నేను దీన్ని అమ్మను. ఇంటికి తీస్కపోత," అంది.

ఆమెకు తొక్కడం రాదు. హ్యాండిలు పట్టుకుని మెల్లగా నడిచింది. మామా నేనూ చూస్తూ నిలబడ్డాం. ఎర్ర స్ప్రింగు పూర్తిగా నొక్కుకుని ఉంది, చక్రం గుంటలో దిగినా లేవడం లేదు. ఆమె తల పక్కకు తిప్పి ఏదో చెబుతూ పోతోంది.

మామ లోపలికి పోయి ముందు స్ప్రింగుల కొత్త సైకిలు బయటికి లాగాడు. హ్యాండిలు బిగిస్తుంటే పానా రెండుసార్లు జారిపడింది. డబ్బులిచ్చి తీసుకున్నాను. చాలా ఏళ్లు దాని మీదే పనికి పోయాను. ప్రతి రాయీ నడుముకు తగిలేది. సైకిలు మీద నేనొక్కణ్ణే ఉన్నానని దాంతో తెలిసేది కనుక ఆ నొప్పి గురించి ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు.