చినుకుల కెమెరాకి కుంకుమ

పడమటి కనుమల మీది వానాకాలాన్ని బర్మింగ్‌హామ్‌లో కూర్చుని, చిటికెడు కుంకుమతో పాడుచేయబోయిన మనిషిని నేనే. బుద్ధి తక్కువ పని అని మీరు అనేలోపు నేనే అనేస్తున్నాను.

అప్పుడు నేను అక్కడి యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థిని. కొండల్ని ఒరుసుకుపోయే నైరుతి మబ్బుల్లో చినుకులు ఎంతెంత లావుంటాయో కొలవడం మా పని. అందుకొక కెమెరా ఉండేది. ఒకవైపు దీపం, ఎదురుగా గాజు కన్ను. మధ్యలోంచి జారే ప్రతి చినుకు నీడనూ అది ఫొటో తీస్తుంది. దాన్ని ఆ శుక్రవారమే కొండమీదికి పంపాలి. ముందుగా మా మేడమీద పరీక్ష నెగ్గాలి. నెగ్గకపోతే వానాకాలం దాటిపోతుంది, దాంతోపాటు నా ప్రయాణమూ, నా థీసిసూ.

మనం కొత్త స్కూటర్‌తో నిమ్మకాయ తొక్కించకుండా వీధి దాటం కదా. అంత దూరం, అంత వానలోకి వెళ్ళే పరికరాన్ని బొట్టయినా పెట్టకుండా ఎలా పంపను? ఫ్లాట్ నుంచి కుంకుమ తెచ్చి, తడిపి, ఎక్కడ పెట్టాలా అని చూశాను. గుండ్రంగా, నున్నగా, పెళ్ళికూతురి నుదురులా గాజు కన్ను కనిపించింది. నడిమధ్యన పెట్టి దండం పెట్టుకున్నాను.

మర్నాడు తుంపర పడింది. ఫొటోల నిండా ఆవగింజల్లాంటి చినుకులు. వాటి నడుమ ప్రతి ఫొటోలోనూ రేగుపండంత చినుకొకటి. కదలదు, జారదు. చూసిన వాళ్ళంతా తలలు గోక్కున్నారు. నాకు మాత్రం నిన్నటి కుంకుమ గుర్తొచ్చింది. మేడమీదికి పరిగెత్తాను. నాతో పనిచేసే కరీంనగర్ అమ్మాయి శ్రావణి నా వెనకే వచ్చింది.

"ఇదేంది అన్నా, దీనికి కుంకుమ పెట్టినవా?"

"శుభమని..."

"కంట్ల పెడ్తరా ఎవరన్న?"

జేబురుమాలుతో గబగబా తుడిచాను. తడి కుంకుమ గాజంతా అలుక్కుపోయింది. ఇక ఆ కెమెరాకి లోకమంతా ఒకటే చినుకు. సరిగ్గా అప్పుడే మా ప్రొఫెసర్ ఐలీన్ మెట్లెక్కి వచ్చి, ఆ ఎరుపేమిటని అడిగారు.

"తుప్పు, మేడమ్."

గాజుకి తుప్పు. శ్రావణి ఆకాశంలోకి చూస్తూ ఉండిపోయింది.

"తుప్పయితే ఇది కొండకి వెళ్ళదు," అన్నారు ఐలీన్ నెమ్మదిగా. "కంపెనీకి వెనక్కి పంపేద్దాం."

అబద్ధం నాది, శిక్ష కెమెరాకా?

"తుప్పు కాదు మేడమ్. కుంకుమ. పెట్టింది నేనే, అలికింది నేనే, అబద్ధమాడింది కూడా నేనే."

ఆవిడ ఫోన్ తీసి నా ముందు పెట్టారు. పొద్దున్నే ఆ వింత ఫొటోని కొండమీదున్న మా జట్టుకి పంపారట. వాళ్ళ జవాబులో బంతిపూల దండ వేసిన పరికరం పెట్టె ఫొటో ఒకటి ఉంది. కింద ఇలా రాశారు: "అది చినుకు కాదు, కుంకుమ. మేమూ పెడతాం. కాకపోతే మూతకి."

"ఇది నేను మెట్లెక్కకముందే వచ్చింది," అన్నారు ఐలీన్. "తుప్పు అంటావని మాత్రం ఊహించలేదు."

గాజు కడిగారు, పరీక్ష నెగ్గింది, కెమెరా బయల్దేరింది. నన్నూ వెళ్ళమన్నారు, చేతులు జేబుల్లోనే ఉంచుకోవాలన్న షరతు మీద.

అందుచేత సకల మేఘాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: లెన్సున్న ఏ వస్తువుకీ, అది ఎంత ముత్తైదువలా కనిపించినా, కుంకుమ పెట్టను. గాజుకి తుప్పు పట్టిందని మళ్ళీ ఎప్పుడైనా అన్నానంటే, ఆ తుప్పు నా నోటికే పట్టుగాక.