బ్లేడుతో కోసిన ఆరు కాగితాలు

ఎనభైల నడుమ మా చెల్లెలు గుంటూరులో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివేది. నేను ఆ ఊళ్ళోనే ఒక దినపత్రికకు విలేకరిని. మిరప ధరలు, పత్తి మీద పురుగు, ఆఫీసుల ముందు ధర్నాలు నా రోజువారీ పని. కల్తీ గింజల దగ్గర్నుంచి కల్తీ పురుగుమందు దాకా అన్నీ చూశాను కాబట్టి నాకిక దేనికీ రోత పుట్టదనుకునేవాణ్ణి.

చెల్లెలి ప్రాజెక్టు మిరపకాయ మీద. మా వైపు కాయకి నీళ్ళు చల్లి బస్తాల్లో తొక్కుతారు. తూకం పెరుగుతుంది, కాయ విరగదు. ఆ తడికి బస్తా లోపల పట్టే బూజు ఏ జాతిది, ఎన్నాళ్ళకి గింజ దాకా పోతుంది అన్నది ఆమె తేల్చాలి. ఒంగోలు రోడ్డు వెంట కళ్ళాలు తిరిగి కాయలు తెచ్చుకుంది. దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ గాజు పళ్ళాల్లో బూజు పెంచింది. ఇక మిగిలింది, అంతకుముందు దీని మీద ఎవరేం రాశారో చూసి తన ఫలితాన్ని దానితో పోల్చడం. అది బాగా కుదిరితే ఫస్ట్ క్లాసు. ఫస్ట్ క్లాసు వస్తేనే రీసెర్చి సీటు. ఆమెకి కావలసింది అదొక్కటే.

ఆమె గైడు ముప్ఫై రిఫరెన్సుల జాబితా చేతిలో పెట్టి, "ఇవే టైపు చేయించమ్మా, ఎవరు చూస్తారు?" అన్నాడట. సీనియర్ల దగ్గర్నుంచి పాత ప్రాజెక్టు రికార్డులు మూడు తెచ్చి చూశాం. మూడింట్లోనూ అదే జాబితా, అదే వరుస. ఏటా పిల్లలు దాన్ని టైపు ఇన్‌స్టిట్యూట్‌కి పట్టుకెళ్ళడం, బైండు చేయించడం, సంతకం పెట్టించుకోవడం. చదివినవాడు ఒక్కడూ లేడు. జాబితాలో ఒక్కటి మాత్రం సరిగ్గా నిలవ మిరపకాయల బూజు మీదే. ఆ వ్యాసం వచ్చిన పాత జర్నల్ కాలేజీ లైబ్రరీలో ఉన్నట్టు కార్డు కూడా ఉంది.

చెల్లెలు మూడుసార్లు వెళ్ళి ఉత్త చేతులతో వచ్చాక నేనూ వెంట వెళ్ళాను. లైబ్రేరియన్ నన్ను గుర్తుపట్టాడు.

"పేపరాయన కదూ? జర్నల్స్ బయటికివ్వమండీ."

"బయటికొద్దండీ. ఇక్కడే కూర్చుని చూసుకుంటుంది."

"చూస్తే మాత్రం అరగవా? ఏటా స్టాకు లెక్క చూస్తారు. ఒక్క పుస్తకం తగ్గినా నా మెడకి చుట్టుకుంటుంది. బీరువాకి తాళముంటే నాకు నిద్ర పడుతుంది."

చాలాసేపు బతిమాలాక తాళం తీశాడు. బీరువాలోంచి ముక్కవాసన గుప్పున కొట్టింది. ఎన్నేళ్ళుగానో మనిషి చెయ్యి తగలని సంపుటాల్లోంచి వెండి పురుగులు జరజరా పాకాయి. కావలసిన సంపుటం దొరికింది. చెల్లెలు పేజీలు తిప్పుకుంటూ పోయి ఆగిపోయింది. ఆ వ్యాసం ఉండాల్సిన ఆరు కాగితాలు లేవు. చింపినవి కావు. కుట్టు పక్కగా, స్కేలు పెట్టినట్టు, ఎవరో బ్లేడుతో కోసినవి.

"ఎవరు కోశారండీ?" అంది.

"నాకేం తెలుసమ్మా! పుస్తకం ఉందా లేదా? ఉంది. అంతవరకే నా పని."

ఆ ఆదివారం పొద్దున ఆమెని స్కూటరు మీద బ్రాడీపేటలో గైడు ఇంటికి తీసుకెళ్ళాను. లుంగీలో ఉన్నాడు, మర్యాదస్థుడు. కాఫీ ఇప్పించాడు. చెల్లెలు విషయం చెప్పగానే పకపకా నవ్వాడు.

"అదా! అది మనింట్లోనే ఉందమ్మా."

లోపలికెళ్ళి అట్ట ఫైలు తెచ్చాడు. అందులో ఆరు కాగితాలు. మొదటి పేజీ అడుగున లైబ్రరీ ఊదారంగు ముద్ర.

"నా థీసిస్ టైములో తీసుకున్నా. లైబ్రరీలో ఉంచితే ఎవడో వెధవ కోసుకుపోతాడు. ఇక్కడైతే భద్రం. మడత పడకుండా చూడు, వారంలో తిరిగిచ్చెయ్."

ముఖంలో ఎక్కడా తడబాటు లేదు. ఆయన వెనక గూట్లో అలాంటి ఫైళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. నాకు రోత పుట్టింది. అయినా కాఫీ పూర్తిగా తాగాను. "చాలా థ్యాంక్సండీ" అని కూడా అన్నాను.

రోడ్డెక్కాక చెల్లెలు, "అన్నయ్యా, ఇది పేపర్లో రాస్తావా?" అంది.

"రాయకుండా వదుల్తానా?"

"నా మార్కులొచ్చాక రాయి."

సరేనన్నాను. ఎంత త్వరగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండు రోజులు కూర్చుని ఆ వ్యాసం మొత్తం చేత్తో రాసుకుంది. తన పళ్ళాల్లో పెరిగిన బూజే అందులోనూ ఉందట. చాలా సంతోషపడింది. మూడో రోజు వంటింట్లో మైదా జిగురు ఉడకబెట్టి చిటికెడు మైలుతుత్తం కలిపింది.

"అన్నం వండుకునే చోట విషం కలుపుతావేంటే!" అని అమ్మ కేకలేసింది.

"జిగురుకి బూజు పట్టకుండా అమ్మా. బైండింగువాళ్ళు కలుపుతారుగా."

డబ్బాలో జిగురు పోసుకుని, కాగితాలు పట్టుకుని లైబ్రరీకి బయల్దేరింది. అక్కడ లైబ్రేరియన్ వాటిని ముట్టుకోలేదు.

"పేజీలు నా లెక్కలో లేవమ్మాయ్. ఇప్పుడు తీసుకుంటే ఇన్నాళ్ళూ లేవని నేనే ఒప్పుకున్నట్టు. ఎంక్వయిరీ నా మీదే వేస్తారు." అంటూనే బీరువా తాళం తీసి పెట్టి లేచాడు. "నేను టీకి పోతున్నా. వచ్చేసరికి ఇక్కడేమీ జరిగి ఉండకూడదు."

ఆయన టీ తాగి వచ్చేలోపల ఆరు కాగితాలూ వాటి చోట అంటించేసింది.

వారం తిరగ్గానే గైడు అడిగాడు. "కాగితాలేవమ్మా?"

"లైబ్రరీ పుస్తకంలో అంటించేశానండీ."

"నేను లైబ్రరీకిచ్చానా? నీకిచ్చాను."

అంతకుమించి ఒక్క మాట తిట్టలేదు. ప్రాజెక్టు మీద సంతకం మాత్రం పెట్టలేదు. చెల్లెలు తను నిజంగా చదివిన ఏడు రిఫరెన్సులే టైపు చేయించింది. "ముప్ఫై లేకుండా ప్రాజెక్టేంటమ్మా, నవ్విపోతారు" అని మూడుసార్లు తిప్పి పంపాడు. ఆఖరి రోజు సాయంత్రం పెట్టాడు.

వైవాలో బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు, "ఏడేనా? మిగతా వాళ్ళంతా ముప్ఫై రాశారే?" అని అడిగాడట.

"నేను చదివినవి ఏడేనండీ."

ఆయన గైడు వంక చూసి నవ్వాడట. గైడూ నవ్వాడట. బూజు గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

ప్రాజెక్టుకి అత్తెసరు మార్కులు వేశారు. ఫస్ట్ క్లాసు పోయింది, దాంతో సీటూ పోయింది. జాబితా దింపేసిన వాళ్ళలో ఇద్దరికి సీట్లొచ్చాయి. చెల్లెలు బ్రాడీపేటలోనే ఒక క్లినిక్ ల్యాబులో చేరి, రోజంతా మూత్రం, కళ్ళె పరీక్షలు చేసేది. ఆ పని గురించి ఎన్నడూ సణగలేదు. అది నాకింకా కష్టంగా ఉండేది.

మార్కులొచ్చాక నేను రాయడానికి కూర్చున్న మాట నిజమే. డెస్కులో ఆధారం అడుగుతారు కదా అని లైబ్రరీకి వెళ్ళి ఆ సంపుటం తీయించుకున్నాను. ఎంత శుభ్రంగా అంటించిందంటే వేలితో తడిమితే తప్ప కోత జాడ తెలీదు. ఇది చూపిస్తే ఎవరు నమ్ముతారులే అనుకుని, ఊపిరి పీల్చుకుని బయటికొచ్చాను. తడిమి చూపించొచ్చు, ఫోటో తీయించొచ్చు, లైబ్రేరియన్ని నిలదీయొచ్చు. అవన్నీ నాకు తెలిసిన పనులే. చెయ్యలేదు. ఆ వార్త రాయనే లేదు.

ఆ తర్వాత నెలకో రెణ్ణెల్లకో, కాలేజీ వార్షికోత్సవం వార్త పట్టుకుని గైడు మా ఆఫీసుకొచ్చాడు. లేచి కుర్చీ వేశాను. వార్త మర్నాడు ఫోటోతో సహా వచ్చింది.