నల్ల గొర్రె మీద తెల్ల అంకె

గత్తర, అంటే కలరా, వచ్చినప్పుడు కూడా ఖాళీ కాని ఊరిని నేను ముంతెడు సున్నంతో ఖాళీ చేయించాను. నవ్వకండి, నా ఉద్యోగమూ ఆ ఊరి బడీ ఒక్క దెబ్బకు పోవలసినవే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో కల్వకుర్తి దగ్గర ఒక గొర్రెల కాపర్ల పల్లెకు నన్ను పంతులుగా వేశారు. ట్రైనింగులో నూరిపోసిన మాటలు నెత్తికెక్కి ఉన్నాయి: పిల్లల బతుకే పుస్తకం, ఇంటి మాటే పాఠం, చెప్పింది వినడం కాదు, ఎదురు ప్రశ్న వేయాలి. అంతా బాగానే ఉంది గానీ బడికి బోర్డు లేదు.

ఊరికి నామీద నమ్మకమూ లేదు. బతుకే పుస్తకం కదా అని మొదటి రోజే "మీ ఇంట్ల గొర్లెన్ని?" అని అడిగాను. పిల్లల నోళ్లకు తాళాలు పడ్డాయి. మందను లెక్కపెడితే తరిగిపోతుందని వాళ్ల నమ్మకం. పైగా లెక్క అడిగినవాడల్లా పుల్లరి, అంటే మేత పన్ను, వసూలుకు వచ్చినవాడేనని వాళ్ల అనుభవం. ఊరి పెద్ద కాపరి మల్లయ్య మొహం మీదే అడిగేవాడు.

"నువ్వు పంతులువేనా, పుల్లరి సార్ల మనిషివా?"

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. అక్కడ గొర్రెలు నన్ను బాగానే నమ్మాయి, మనుషులే నమ్మలేదు.

ఒక పొద్దున మల్లయ్య గటక తినడానికి ఇంట్లోకి పోయాడు. దొడ్డినిండా నల్లటి గొర్రెలు. మీకైతే గొర్రెలు కనబడేవి. నాకు బోర్డులు కనబడ్డాయి! కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నారు గానీ, నాకు గొర్రెకు లేని దురద పుట్టింది. పిల్లల్ని పిలిచి, సున్నం కలిపి, వేపపుల్లతో గొర్రెకొక అంకె వేసి చదివించాను. పిల్లలు ఒకటే గంతులు. మల్లయ్య బిడ్డ లచ్చి ఎగిరెగిరి అరిచింది.

"సారూ, తొమ్మిది ఉరుకుతాంది! తొమ్మిదిని వట్టుకో!"

అంతలో మల్లయ్య మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం జేస్తున్నవ్ పంతులూ?"

"పాఠం చెప్తున్న మల్లన్నా."

"గొర్లకా?"

"కాదు, పిల్లలకు."

"మరి సున్నం గొర్లకెందుకు వూసినవ్?"

విద్యాబోధన సిద్ధాంతమంతా విప్పి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని "మంచిది" అన్నాడు. ఆ మంచిదికి అర్థం తెల్లారాక తెలిసింది. ఊళ్లో మంద లేదు, మనిషి లేడు, కుక్క కూడా లేదు. ఆ రోజే బడి తనిఖీ. పిల్లలు కనబడకపోతే బడిని పక్క ఊరికి మారుస్తామని పైవాళ్లు ముందే చెప్పి ఉన్నారు.

ఇన్‌స్పెక్టరు సైకిలు దిగాడు.

"పిల్లలేరయ్యా?"

"గొర్రెల వెంట పోయారండి."

"గొర్రెలేవి?"

"అంకెలు వేస్తే వెళ్లిపోయాయండి."

ఆయన నన్ను నెత్తి నుంచి కాళ్ల దాకా చూశాడు. తాగానేమోనని వాసన కూడా చూశాడు. ఇద్దరం మందలు మేసే గుట్టవైపు నడిచాం.

గుట్ట వెనక అందరూ ఉన్నారు. మమ్మల్ని చూడగానే మల్లయ్య కర్ర పట్టుకుని లేచాడు.

"జూసిన్రా! నేనన్లే? నిన్న నెంబర్లేసిండు, ఇయ్యాల జప్తుకు సారును తోల్కొచ్చిండు!"

"అయ్యో మల్లన్నా, ఈయన బడి సారు!"

"గట్లనే అంటరు!"

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకుని లచ్చిని చూశాడు. "బాలికా, నీవేమి అభ్యసించితివి?"

లచ్చి తండ్రి వైపు తిరిగింది. "బాపూ, ఏమంటుండు?" మళ్లీ ఈయన వైపు తిరిగింది. "ముందుగాల నువ్వు జెప్పు. మా గొర్లను తోల్కపోనీకొచ్చినవా?"

ఎదురు ప్రశ్న వేయమన్నది నేనే. నా గుండె జారి గుట్టకింద పడింది.

"నేనెందుకు తోలుకుపోతాను?" అన్నాడాయన.

"నెంబర్లేసిన్రు గద! గా గొర్రె మీద ఏడు. గా పొట్టేలు మీద పన్నెండు. గిది తొమ్మిది. తొమ్మిదిని మాత్రం నేనియ్య!"

ఇన్‌స్పెక్టరు గ్రాంథికం మరిచిపోయాడు. "అరె, ఈ పిల్ల చదువుతున్నదయ్యా!"

మల్లయ్య కర్ర దించాడు. "ఆగు బిడ్డా. సర్కారోళ్లు రాసింది నీకు సమజైతాందా?"

"అయితాంది బాపూ."

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నమ్మకంతో అనుకునేరు! అనుమానం ఇంకా ముదిరింది.

"అయితే బడి ఉండాలె. మామీద మీరేం రాస్తున్నరో సదివెటోళ్లు ఇంటికొకలన్న ఉండాలె. పంతులును మేం నమ్మం. గందుకే పిల్లల్ని రోజు తోలుతం!"

అనుమానం మీద నిలిచిన బడి దేశంలో అదొక్కటేనేమో. ఆనందంతో నాకు ఏడుపొచ్చింది. ఆ గుట్ట మీదే గంభీరంగా ఒట్టేసుకున్నాను: నల్లగా కనబడిందల్లా బోర్డనుకోను, అది ఎవరిదో వాళ్లనడగనిదే గీత కూడా గీయను.

కొన్నాళ్లకు సర్కారు అసలైన బోర్డు పంపింది. సుద్దముక్క పట్టుకుని నేరుగా మల్లయ్య ఇంటికి పోయి, "రాయమంటావా మల్లన్నా?" అన్నాను.

ఆయన కళ్లు చిట్లించాడు. "సర్కారు బోర్డు మీద రాయనీకి నన్నడుగుతున్నవా? ఇందుల ఏం మతలబున్నది పంతులూ?"