క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్

కరోనా ఆంక్షలు ఎత్తేసిన తర్వాతి వసంతంలో, కైసర్స్‌లౌటర్న్‌లోని ఒక అమెరికన్ ఫుట్‌బాల్ క్లబ్బుకు టీమ్ డాక్టరుగా చేరాను. ఆసుపత్రిలో ఎముకల వైద్యుడిగా అప్పటికే పాతికేళ్ళు దాటాయి, రిటైర్మెంటుకు రెండేళ్ళుంది. జర్మనీలో ఫుట్‌బాల్ అంటే కాళ్ళతో ఆడేదే. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే ఈ ఆట గురించి నాకు తెలిసింది సున్నా. వరంగల్లో కబడ్డీ ఆడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నవాడివి, నీకిది కొత్తా అని మా ఆవిడ వేళాకోళం చేసింది.

ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ పేరు రోహన్. ప్లే అనే ప్రతి ఎత్తుగడనూ జట్టుకు చెప్పి, బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. రోహన్ తల్లిదండ్రులది ఖమ్మం, అతను పుట్టింది మాత్రం అమెరికాలో. అక్కడ మూడేళ్ళు కాలేజీ జట్టుకు ఆడాడు. చదువయ్యాక ఏ ప్రొఫెషనల్ జట్టూ పిలవకపోవడంతో ఇక్కడ మాస్టర్స్‌లో చేరి మా క్లబ్బుకు ఆడుతున్నాడు. నేను తెలుగువాణ్ణని తెలిసిన రోజు నుంచీ నాకు అంకుల్ అయిపోయాడు, అంటే నేనే అతనికి అంకుల్‌నయ్యాను.

సీజన్ మొదలయ్యే ముందు ప్రతి ఆటగాడికీ బేస్‌లైన్ అనే పరీక్ష పెడతాం. పది మాటలు చదివి వినిపించి తిరిగి చెప్పమంటాం, నెలల పేర్లు వెనకనుంచి చెప్పిస్తాం, ఒంటికాలి మీద నిలబెడతాం. తర్వాత ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలితే అదే పరీక్ష మళ్ళీ పెట్టి, పాత కాగితంతో పోల్చి, మెదడు అదిరిందో లేదో అంచనా వేస్తాం. రోహన్ పదింటిలో నాలుగే చెప్పాడు. నిద్ర చాలలేదేమో అనుకుని సంతకం పెట్టేశాను.

వేసవిలో సెమీఫైనల్ వచ్చింది. ఒక ప్రొఫెషనల్ జట్టు కోచ్ కేవలం రోహన్ కోసం వచ్చి స్టాండులో కూర్చున్నాడు. నచ్చితే కాంట్రాక్టు. ఇరవై అయిదేళ్ళు నిండాయి, ఇంక తనను చూడ్డానికి ఎవరూ రారని రోహన్ ఆ వారంలో నాకు పదిసార్లయినా చెప్పి ఉంటాడు.

నాలుగు క్వార్టర్ల ఆటలో రెండో క్వార్టర్లో ఒక భారీ ఆటగాడు అతన్ని వెనక్కి పడేశాడు. తల నేలకు కొట్టుకుంది. వెంటనే లేచి, దుమ్ము దులుపుకున్నాడు. నిబంధన ప్రకారం పక్కకు పిలిచి పరీక్ష పెట్టాను. పదింటిలో నాలుగు. వసంతంలో ఎన్నో ఇప్పుడూ అన్నే! కాగితం ప్రకారం అతనికేమీ కాలేదు. హెడ్ కోచ్ మార్కుస్ అప్పటికే చెయ్యి ఊపుతున్నాడు, పంపించమని.

నా చెయ్యి మాత్రం కాగితం మీదే ఆగింది. ప్రాక్టీసులో ఈ కుర్రాడు ఎవరెక్కడ నిలబడాలి, ఎవరు ముందు కదలాలి, ఎన్నో కేకకు బంతి వెనక్కి రావాలి అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పడం నేను రోజూ విన్నదే. అలాంటివాడికి పది మాటల్లో నాలుగే గుర్తుంటాయా? ఇంత చిన్న లెక్క ఇన్ని నెలలు నాకు తట్టలేదు.

"ఇయ్యాల నువ్వు జట్టుకిచ్చిన మొదటి ప్లే చెప్పు బిడ్డా," అన్నాను.

మొదలుపెట్టాడు. సగంలో ఆగాడు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టి, అక్కడే ఆగాడు.

"అప్పుడు బేస్‌లైన్ల కావాలనే తక్కువ చెప్పినవా?"

"అందరూ అట్లనే చేస్తరు అంకుల్. కాలేజ్‌ల సీనియర్సే నేర్పిస్తరు. ఫస్ట్ టెస్ట్ తక్కువుంటే తర్వాత దెబ్బ తగిలినా పాస్ అయిపోతం." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ప్లీజ్ అంకుల్. ఇదొక్క మ్యాచ్. ఆయన నాకోసమే వచ్చిండు."

ఈ ఆటలో డాక్టరు వద్దన్నాడంటే మాటతో సరిపోదు, హెల్మెట్ తీసేసుకోవాలి. లేకపోతే సందడిలో ఆటగాడు మళ్ళీ మైదానంలోకి జారుకుంటాడు. నేను అతని హెల్మెట్ తీసుకుని బెంచీ మీద ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మార్కుస్ జర్మన్‌లో నన్ను తిట్టని తిట్టు లేదు. మూడో క్వార్టర్ మధ్యలో స్టాండులోని ఆ కోచ్ లేచి వెళ్ళిపోయాడు. మేం ఓడిపోయాం. నాకు ప్రాణం ఉసూరుమంది.

రోహన్‌కు మూడు వారాలు తలనొప్పి తగ్గలేదు. ల్యాప్‌టాప్ తెర వైపు చూడలేకపోయాడు, మాస్టర్స్ పరీక్షలు వాయిదా వేసుకున్నాడు. కాంట్రాక్టు రాలేదు. నాతో మాట్లాడనూ లేదు.

మరుసటి వసంతంలో బేస్‌లైన్‌కు వరసలో నిలబడ్డాడు. పదికి తొమ్మిది చెప్పాడు. "ఈసారి నిజంగనే చెప్పిన. పదోది నిజంగనే మర్చిపోయిన అంకుల్," అన్నాడు. నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

రిటైరయ్యేదాకా ఆ పరీక్షతో పాటు నా సొంత పద్ధతి ఒకటి పాటించాను: క్వార్టర్‌బ్యాక్ ఎవరైనా సరే, ముందు మూడు ప్లేలు అప్పజెప్పాలి, తర్వాతే పది మాటలు. తక్కువ మార్కులు వస్తే ఎందుకని అడగకుండా సంతకం పెట్టేవాణ్ణి కాదు. రోహన్ నేర్చుకొచ్చిన మోసం అతని కాలేజీది. దాని కింద సంతకం నాది.