తారుమారైన బల్బులు

నేను చేసిన తప్పుకు ఇంకొకరు తిట్లు తింటుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. ఎనభైల మొదట్లో, తాండూరు నీటి సరఫరాలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్నప్పటి మాట ఇది.

ట్యాంకు నిండితే పంపుహౌసులో పచ్చబల్బు, ఖాళీ అయితే ఎర్రబల్బు వెలిగేవి. పాత వైర్లు పాడైతే కొత్తవి లాగాను. ఎండగా ఉందని ట్యాంకు ఎక్కి సరిచూడకుండానే, అంతా బాగుందని చెప్పేశాను.

మర్నాడు పచ్చబల్బు చూసి పంపు ఆపరేటర్ ఖాజాభాయ్ మోటారు ఆపాడు. అది రంజాన్ నెల. ఉపవాసం విడిచే వేళకు ఊళ్లో చుక్క నీరు లేదు. జనం ఖాళీ బిందెలతో పంపుహౌసు మీదికి వచ్చారు.

"రోజా ఉన్నవని నిద్రవోయినవా ఏంది?" అని ఒకామె అరిచింది.

"నేను గూడ గొంతెండి ఉన్ననమ్మా! పచ్చది ఎలుగుతున్నది. గీ సారును అడుగుండ్రి" అంటూ ఆయన నావైపు చూశాడు.

ఖాళీ ట్యాంకుకు పచ్చబల్బు వెలుగుతోందంటే వైర్లు తారుమారుగా కలిపానని నాకు అప్పటికే అర్థమైంది. అయినా తల దించుకున్నాను. గొడవ విని వచ్చిన మా ఇంజనీరు ఆయన్ని పనిలోంచి పొమ్మన్నాడు.

ఆ రాత్రే ట్యాంకు ఎక్కి వైర్లు సరిగా కలిపాను. తెల్లవారగానే ఇంజనీరుకు నిజం చెప్పి, ఆయన్ని మళ్లీ పనిలో పెట్టించాను. తర్వాత ఖాజాభాయ్‌ని వెంటబెట్టుకుని వీధి నల్లాల దగ్గరికి వెళ్లి, బిందెలతో నిలబడ్డవాళ్లందరికీ తప్పు నాదేనని చెప్పాను.

మూడో నల్లా దగ్గర ఆయన నా భుజం పట్టుకున్నాడు. "ఇగ చాలు బేటా. నిన్ననే ఒక్క మాట చెప్తే ఏంబోయె?"

మిగిలిన నల్లాలన్నీ తిరిగి చెప్పాకే ఇంటికి వెళ్లాను.